ర్యామ్ కొనేటప్పుడు స్పీడ్ చూడాలా, సీఎల్ చూడాలా, ధర చూడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. రైజెన్ 7 9700ఎక్స్‌తో కొత్త పీసీ అసెంబుల్ చేస్తున్నారు, పని ఎక్కువగా గేమ్స్, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్. ర్యామ్ 32 జీబీ అనుకుని నాలుగు డీడీఆర్5 (ఇప్పటి తరం ర్యామ్) కిట్లు చూసిపెట్టుకున్నారు: 5200 సీఎల్40, 6000 సీఎల్36, 6000 సీఎల్30, 7200 సీఎల్34. ధర కూడా ఇదే వరుసలో పెరుగుతూ పోతోంది. స్పీడ్ అంకె పెద్దగా ఉంటే మంచిదా, సీఎల్ (డేటా అడిగాక రావడానికి పట్టే ఆలస్యం) అంకె చిన్నగా ఉంటే మంచిదా, ఎక్కడ ఆగాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను: 16 జీబీ స్టిక్‌లు రెండు ఉన్న 6000 కిట్ తీసుకోండి. సీఎల్30కీ సీఎల్36కీ ధరలో తేడా పదో వంతు లోపు ఉంటే సీఎల్30, అంతకు మించితే సీఎల్36 తీసుకుని మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) కూర్చుని టైమింగ్స్ (సీఎల్ లాంటి ఆలస్యం అంకెలు) చేత్తో దిద్దుకునే సరదా లేకపోతే 7200 కిట్ మీ ప్రాసెసర్‌కి వద్దు. 5200 సీఎల్40 బాగా చవకైతే పర్వాలేదు, పీసీ ఏమీ కుంటుపడదు, కానీ 6000కి దగ్గర ధరలో ఉంటే దాని జోలికి పోవద్దు.

ఇక ఎందుకో చూద్దాం. పెట్టె మీద పెద్దగా రాసేది స్పీడ్, దాని పక్కన చిన్నగా రాసేది సీఎల్. ఈ రెండిటినీ విడివిడిగా పోల్చడం దగ్గరే చాలామంది తికమకపడతారు. కుళాయి తిప్పాక నీళ్లు రావడానికి పట్టే సమయం ఒకటి, వచ్చాక ఎంత ధారగా వస్తాయన్నది ఇంకోటి. స్పీడ్ రెండోది, సీఎల్ మొదటిది. అయితే సీఎల్‌ని కొలిచేది సెకన్లలో కాదు, క్లాక్ సైకిళ్లలో. స్పీడ్ పెరిగితే ఒక్కో సైకిల్ చిన్నదవుతుంది, కాబట్టి 5200 మీద 40కీ 7200 మీద 40కీ అర్థం వేరు. సీఎల్ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు.

లెక్క చాలా తేలిక. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. మీ నాలుగు కిట్లకీ వేస్తే 5200 సీఎల్40కి 15.4, 6000 సీఎల్36కి 12, 6000 సీఎల్30కి 10, 7200 సీఎల్34కి 9.4 నానోసెకన్లు. పాత డీడీఆర్4 3200 సీఎల్16 కూడా సరిగ్గా 10 నానోసెకన్లే. "డీడీఆర్4లో సీఎల్ 16 ఉండేది, డీడీఆర్5లో 30 అంటున్నారు, లేటెన్సీ (ఆలస్యం) రెట్టింపైందా" అని అడిగేవాళ్లకి ఈ ఒక్క లెక్క చాలు. ఆలస్యం మారలేదు, ధార దాదాపు రెట్టింపైంది. అలాగని డీడీఆర్5 అన్నీ అంతే అనుకోవద్దు, మామూలు 4800 సీఎల్40 స్టిక్ అయితే 16.7 నానోసెకన్లు, అది పాత మంచి డీడీఆర్4 కన్నా వెనకే.

ధార, అంటే సెకనుకి కదిలే డేటా, దాని లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ఒక చానెల్ వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. 6000ని 8తో గుణిస్తే సెకనుకి 48 జీబీ, రెండు చానెళ్లకి 96 జీబీ. అదే 3200 అయితే రెండు చానెళ్లకి 51.2 జీబీ. అన్నట్టు 6000ని మెగాహెర్ట్జ్ అని రాసేస్తుంటారు కానీ అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జే, ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు డేటా కదులుతుంది. సీపీయూ-జీలో (పీసీ భాగాల వివరాలు చూపే ప్రోగ్రామ్) 3000 అని చూసి "నాకు సగం స్పీడ్ ర్యామ్ అంటగట్టారు" అని ఫోన్ చేసినవాళ్లు నాకు బాగానే తెలుసు. అది సరైన అంకే, టెన్షన్ పడక్కర్లేదు.

ఇప్పుడు చాలామంది చూడని సంగతి: సీఎల్ తర్వాత వచ్చే అంకెలు. కిట్ వివరాల్లో 30-38-38-96 లాంటి వరుస ఒకటి ఉంటుంది. మెమరీ చిప్ లోపల డేటా వరుసల్లో ఉంటుంది. కావలసిన వరుస ముందే తెరిచి ఉంటే సీఎల్ మాత్రమే ఆలస్యం. ఏ వరుసా తెరిచి లేకపోతే ముందు దాన్ని తెరవాలి, అది రెండో అంకె. వేరే వరుస తెరిచి ఉంటే దాన్ని మూసి, కావలసినది తెరిచి, అప్పుడు చదవాలి, అంటే మూడో అంకె, రెండో అంకె, మొదటి అంకె మూడూ కలుపుకోవాలి. గేమ్స్‌లో డేటా ఒకచోట కుదురుగా ఉండదు, కాబట్టి ఈ మూడో రకం తరచుగానే వస్తుంది.

6000 స్పీడ్ దగ్గర దొరికే కిట్లనే తీసుకుని ఈ లెక్క వేద్దాం. 30-38-38 అయితే మొత్తం 106 సైకిళ్లు, అంటే 35.3 నానోసెకన్లు. 36-36-36 అయితే 108 సైకిళ్లు, 36 నానోసెకన్లు. 36-48-48 అయితే 132 సైకిళ్లు, 44 నానోసెకన్లు. చూశారా, సీఎల్36 అని ఒకే పేరుతో అమ్మే రెండు కిట్లలో ఒకటి సీఎల్30కి వెంట్రుకవాసి దూరంలో ఉంది, రెండోది ఎక్కడో వెనక ఉంది. మీరు చూసిన సీఎల్36 కిట్ 36-36-36 రకమైతే సీఎల్30 కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు. 36-48-48 రకమైతే నేను పైన చెప్పిన పదో వంతు నియమాన్ని కాస్త వదులు చేసుకుని సీఎల్30కి వెళ్లినా తప్పులేదు. ధర పక్కనే ఈ నాలుగు అంకెలూ ఎక్కడా రాసి లేకపోతే, తయారీదారు వెబ్‌సైట్‌లో పార్ట్ నంబర్ కొట్టి చూడండి. అక్కడా లేకపోతే ఆ కిట్ వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

ఇంత లెక్క చెప్పాక ఒక చన్నీళ్ల మాట కూడా చెప్పాలి. ప్రాసెసర్ కోర్ అడిగిన దగ్గర్నుంచి డేటా వచ్చేదాకా పట్టే మొత్తం సమయం మీ ప్లాట్‌ఫామ్ మీద సుమారు 70-80 నానోసెకన్లు ఉంటుంది. అందులో చాలా భాగం క్యాష్‌లు (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) వెతకడం, ప్రాసెసర్ లోపలి దారులు దాటడం, మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌తో మాట్లాడే భాగం) దగ్గర క్యూలో నిలబడటం. సీఎల్36 నుంచి సీఎల్30కి మారితే తగ్గేది 2 నానోసెకన్లు. 80లో 2. ఆ పైన ప్రాసెసర్ అడిగేవాటిలో ఎక్కువ భాగం క్యాష్‌లోనే దొరికిపోతాయి, ర్యామ్ దాకా రావు. అందుకే కాగితం మీద 20 శాతంలా కనిపించే తేడా గేమ్‌లో ఒకటి రెండు శాతానికి దిగిపోతుంది.

7200 ఎందుకు వద్దన్నాను. ఇది ర్యామ్ తప్పు కాదు, దాన్ని అందుకునే వైపు సమస్య. ఏఎం5 (మీ రైజెన్ కూర్చునే సాకెట్) ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్, ర్యామ్ క్లాక్ ఒకే వేగంతో నడిస్తేనే ఆలస్యం తక్కువ. ఈ జోడీ 6000 దాకా దాదాపు అన్ని చిప్‌ల మీదా నిలుస్తుంది, 6400 కొన్ని చిప్‌ల మీద నిలుస్తుంది, అది మీ అదృష్టం. ఆ పైకి వెళ్తే బోర్డు కంట్రోలర్‌ని సగం వేగానికి దించేస్తుంది. 7200 దగ్గర ర్యామ్ క్లాక్ 3600 ఉంటే కంట్రోలర్ 1800 దగ్గర నడుస్తుంది, 6000 దగ్గర అదే కంట్రోలర్ 3000 దగ్గర నడిచేది. ర్యామ్‌లో సంపాదించిన అర నానోసెకను ఇక్కడ వడ్డీతో సహా పోతుంది.

పోనీ ధార అయినా పెరుగుతుందా అంటే అదీ అంతంతే. 9700ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ ఒకే చిప్లెట్ (ప్రాసెసర్‌లోని చిన్న చిప్ ముక్క) మీద ఉంటాయి. ఆ చిప్లెట్‌కీ మెమరీ కంట్రోలర్ ఉన్న చిప్లెట్‌కీ మధ్య దారి ఒక్కో క్లాక్‌కి 32 బైట్లు చదవగలదు, ఆ దారి క్లాక్ 2000 మెగాహెర్ట్జ్ అనుకుంటే సెకనుకి 64 జీబీ. 6000 కిట్ ఇవ్వగలిగిన 96 జీబీనే కోర్లు పూర్తిగా అందుకోలేకపోతున్నాయి, ఇంక 7200 కిట్ ఇచ్చే 115 జీబీతో ఏం చేసుకుంటాయి? చిప్లెట్‌లు రెండున్న 12, 16 కోర్ల మోడళ్లలో పరిస్థితి కొంచెం నయం, అక్కడ రెండు దారులుంటాయి. అయినా గేమ్స్‌కి సలహా మారదు.

ఇంటెల్ వైపు కథ వేరు. 12వ తరం నుంచి డీడీఆర్5తో కంట్రోలర్ మొదటి నుంచీ సగం వేగంతోనే నడుస్తుంది, అందుకని 6000 దాటితే కూలిపోయే మెట్టు అక్కడ లేదు, మంచి బోర్డు ఉంటే 7200 కిట్‌కి నిజంగా ఫలితం కనిపిస్తుంది. కోర్ అల్ట్రా 200ఎస్ వరుస అయితే క్లాక్ డ్రైవర్ చిప్ ఉన్న సీయూడిమ్ స్టిక్‌లతో అధికారికంగానే 6400 దాకా వెళ్తుంది. మీ స్నేహితుడు ఇంటెల్ మీద 7200 పెట్టి బాగుందన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు, అది మీ ప్రాసెసర్‌కి వర్తించదు అంతే.

ఇక అసలు తేడా ఎవరికి తెలుస్తుందో చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎంత పెట్టాలన్నది దీన్ని బట్టే తేలుతుంది. తక్కువ రిజల్యూషన్, ఎక్కువ రిఫ్రెష్ రేట్ మీద పోటీ గేమ్స్ ఆడేవాళ్లకి ప్రాసెసరే అడ్డంకి, అక్కడ ర్యామ్ తేడా కనిపిస్తుంది, సగటు ఫ్రేమ్స్ కన్నా మధ్యమధ్యలో పడిపోయే కనిష్ఠ ఫ్రేమ్స్‌లో ఎక్కువ కనిపిస్తుంది. అదే 4కేలో అన్ని సెట్టింగులూ పైకి పెట్టి ఆడేవాళ్లకి గ్రాఫిక్స్ కార్డే నిండిపోయి ఉంటుంది, మీరు 5200 పెట్టినా 6000 పెట్టినా ఫ్రేమ్ కౌంటర్ పెద్దగా కదలదు. ఎక్స్3డీ ప్రాసెసర్లు ఇంకో రకం. 5800ఎక్స్3డీ దగ్గర్నుంచి వాటిలో ఎల్3 క్యాష్ కనీసం 96 ఎంబీ, ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరమే తగ్గిపోతుంది, కాబట్టి వాటికి ఖరీదైన ర్యామ్ పెట్టడం డబ్బు దండగ. మీరు ఇంకా ప్రాసెసర్ కొనకపోతే ఒక మాట, ఖరీదైన ర్యామ్ మీద మిగిలే డబ్బు ఎక్స్3డీ మోడల్‌కి వెళ్లడానికి ఏమాత్రం సాయపడినా ముందు అది ఆలోచించండి.

వీడియో ఎడిటింగ్‌లో ఎన్‌కోడింగ్‌కి ర్యామ్ స్పీడ్‌తో పెద్దగా పనిలేదు, కోర్లు, గ్రాఫిక్స్ కార్డు చూసుకుంటాయి. టైమ్‌లైన్‌లో క్లిప్‌లు పేరుకుపోతే కావలసింది స్పీడ్ కాదు, జాగా. ఫైళ్లు కంప్రెస్ చేసే పని లేటెన్సీకి బాగా స్పందిస్తుంది. ప్రాసెసర్ మీదే ఏఐ మోడళ్లు నడిపేవాళ్లకైతే ధారే సర్వస్వం. ఒక్కో పదం ముక్కకీ మోడల్ మొత్తాన్ని ర్యామ్ నుంచి చదవాలి, 8 జీబీ మోడల్, సెకనుకి 64 జీబీ ధార ఉంటే సెకనుకి ఎనిమిది ముక్కలకి మించి రావు, లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి కూడా ర్యామ్ స్పీడే ఫ్రేమ్స్, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు. వాళ్లకి మాత్రం నేను స్పీడ్ మీద డబ్బు పెట్టమనే చెప్తాను.

స్పీడ్, సీఎల్ రెండిటికన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి: ఎంత జాగా, ఎన్ని స్టిక్‌లు. ర్యామ్ నిండిపోతే విండోస్ డేటాని ఎస్ఎస్డీలోకి తోస్తుంది. ర్యామ్ 80 నానోసెకన్లలో ఇచ్చేదాన్ని మంచి ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్డీ ఇవ్వడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది, అంటే వందల రెట్లు ఆలస్యం. సీఎల్‌లో రెండు నానోసెకన్ల కోసం తన్నుకుని ఇక్కడ వందల రెట్లు వదిలేయడం అర్థంలేని పని. ఎడిటింగ్ చేసే ఒకాయన మెషీన్ నా దగ్గరికి వచ్చింది, మెరిసే లైట్లతో చాలా ఖరీదైన కిట్, మొత్తం 16 జీబీ. బ్రౌజర్, ఎడిటర్ తెరిస్తేనే నిండిపోయేది, టైమ్‌లైన్ జరిపితే ఆగి ఆగి కదిలేది. దాని బదులు మామూలు 5600 కిట్, 32 జీబీ పెడితే ఆ ఆగడం పోయింది. ఆయన నమ్మలేదు, టాస్క్ మేనేజర్‌లో మెమరీ గ్రాఫ్ పక్కపక్కన చూపించాక గానీ ఒప్పుకోలేదు.

స్టిక్‌ల సంగతి. ఒక్క 32 జీబీ స్టిక్ తీసుకుని "తర్వాత ఇంకోటి వేసుకుంటా" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఒక్క స్టిక్ అంటే ఒక్క చానెల్, ధార సగం. 6000 స్టిక్ ఒకటి పెడితే రెండు 3200 డీడీఆర్4 స్టిక్‌ల కన్నా తక్కువ ధార వస్తుంది. ఇక నాలుగు స్టిక్‌లు పెట్టడం డీడీఆర్5లో ఇంకా ఇబ్బంది. మీ 9700ఎక్స్‌కి రెండు స్టిక్‌లతో ఏఎండీ అధికారికంగా చెప్పే స్పీడ్ 5600, అదే నాలుగు స్టిక్‌లతో 3600కి పడిపోతుంది. చేత్తో పైకి తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు, కానీ అది వారాంతం తినేసే వ్యవహారం. రెండు కిట్లు, అదే మోడల్, విడివిడిగా కొని నాలుగు స్లాట్లూ నింపినవాళ్లు "6000 పెడితే ఆన్ అవ్వట్లేదు" అని వచ్చిన ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే, ఒక్కో కిట్‌లో కలిపి పరీక్షించింది ఆ రెండిటినే, ఈ నాలుగిటిని కలిపి ఎవరూ పరీక్షించలేదు. భవిష్యత్తులో 64 కావాలనిపిస్తే ఇప్పుడే 32 జీబీ స్టిక్‌లు రెండు తీసుకోవడం నయం. మధ్యస్తంగా 24 జీబీ స్టిక్‌లు రెండు, మొత్తం 48 జీబీ కిట్లు కూడా ఉన్నాయి, ఎడిటింగ్ చేసేవాళ్లకి అవి నాకు బాగా నచ్చుతాయి.

ఇంకో చిన్న సంగతి, 8 జీబీ డీడీఆర్5 స్టిక్‌లు రెండు పెట్టి 16 చేయడం నాకిష్టం ఉండదు. వాటిలో సాధారణంగా వెడల్పు చిప్‌లు నాలుగే ఉంటాయి, లోపల బ్యాంక్ గ్రూపులు (డేటాని పంచుకుని దాచుకునే విభాగాలు) సగమే, అదే స్పీడ్, అదే సీఎల్ రాసి ఉన్నా 16 జీబీ స్టిక్‌ల కన్నా కాస్త నెమ్మది. పెట్టె మీద ఇది ఎక్కడా రాయరు.

ధర గురించి. ర్యామ్ ధర బియ్యం ధరలా నిలకడగా ఉండదు. చిప్‌లు తయారుచేసే పెద్ద కంపెనీలు ముఖ్యంగా మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. పెట్టె మీద ఎవరి పేరున్నా లోపల సాధారణంగా ఈ ముగ్గురి చిప్‌లే. వాళ్లు ఏఐ సర్వర్లకి వాడే మెమరీ వైపు మళ్లడంతో 2025 చివర్లో మామూలు ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాం. అందుకే "సీఎల్30 ఇంతకి దొరికితే కొనండి" అని నేను అంకె చెప్పను, చెప్తే వచ్చే నెలకే పాతబడుతుంది. పదో వంతు అని చెప్పింది అందుకే. ధరలు మండిపోతున్నప్పుడు ఆ పదో వంతే పెద్ద మొత్తం అవుతుంది, అప్పుడు నేనైతే నిస్సంకోచంగా సీఎల్36 వైపు, మరీ అయితే 5600 సీఎల్36 వైపు కూడా దిగుతాను (అది 12.9 నానోసెకన్లు, 6000 సీఎల్36కి పెద్ద దూరం కాదు). జాగా మాత్రం తగ్గించను. ఇంకా లైట్లు, దళసరి హీట్‌సింక్ వీటికి పెట్టే డబ్బు అందం ఖాతాలో రాసుకోండి, 1.35 వోల్టుల 6000 కిట్ పల్చటి రేకుతోనే హాయిగా నడుస్తుంది. పొడవాటి హీట్‌సింక్ ఉన్న స్టిక్‌లు పెద్ద ఎయిర్ కూలర్ కింద పట్టకపోవడం అదనపు తలనొప్పి, కొనేముందు ఎత్తు చూసుకోండి.

కొన్నాక చేయాల్సినవి కొనడం కన్నా ముఖ్యం. స్టిక్‌లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి, బోర్డు పుస్తకంలో కూడా అదే ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు ఉండిపోవచ్చు, డీడీఆర్5కి అది మామూలే, బోర్డు మెమరీని ట్రైనింగ్ చేసుకుంటోంది. ఆ సమయంలో కంగారుపడి పవర్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత బయోస్ తాజా వెర్షన్‌కి మార్చండి. 2023లో రైజెన్ 7000 చిప్‌లు కొన్ని ఎక్కువ ఎస్ఓసీ వోల్టేజీ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే వోల్టేజీ) వల్ల కాలిపోయాక ఏఎండీ ఆ వోల్టేజీని 1.3 దగ్గర కట్టడి చేసింది, అప్పట్నుంచి వచ్చిన బయోస్‌లన్నిటిలో ఆ హద్దు ఉంటుంది. ర్యామ్‌ని పెట్టె మీది స్పీడ్‌కి తెచ్చే ప్రొఫైల్ ఆన్ చేసేటప్పుడు ఈ వోల్టేజీ కూడా కదులుతుంది కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

ఆ తర్వాత బయోస్‌లో ఆ ప్రొఫైల్, పేరు ఎక్స్‌పో, ఆన్ చేయాలి. ఆన్ చేయకపోతే మీ 6000 కిట్ 4800 దగ్గరో 5600 దగ్గరో వదులు టైమింగ్స్‌తో నడుస్తూ ఉంటుంది, డబ్బు పెట్టిన సంగతి దానికి తెలియదు. "ర్యామ్ మార్చాలి, నెమ్మదిగా ఉంది" అని వచ్చే మెషీన్లలో నేను మొదట చూసేది ఇదే, చాలాసార్లు ఏమీ కొనకుండానే పని అయిపోతుంది. ఇంటెల్ బోర్డుల మీద దీని పేరు ఎక్స్‌ఎంపీ. ఎక్స్‌ఎంపీ మాత్రమే ఉన్న కిట్లు కూడా ఏఎం5 మీద చాలావరకు నడుస్తాయి, కానీ రెండూ ఒకే ధర అయితే ఎక్స్‌పో ఉన్నదే తీసుకోండి. కంపెనీల లెక్కలో ఈ ప్రొఫైల్స్ ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తాయి, కాబట్టి మీ బోర్డు తయారీదారు ఇచ్చే క్యూవీఎల్ (ఆ బోర్డు మీద పరీక్షించిన ర్యామ్‌లు) పట్టికలో ఆ పార్ట్ నంబర్ ఉందో లేదో ఒకసారి చూసుకుంటే మంచిది. పట్టికలో లేనంత మాత్రాన పనిచేయదని కాదు, వాళ్లు పరీక్షించలేదు అంతే.

చివరిగా ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా "ఒకటే కదా" అని వదలొద్దు. ర్యామ్ ఎర్రర్ ఎప్పుడూ ర్యామ్ ఎర్రర్ అని చెప్పి రాదు, గేమ్ మధ్యలో మూసుకుపోతుంది, జిప్ ఫైలు పాడైందంటుంది, విండోస్ నీలి తెర చూపిస్తుంది, మీరేమో గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చుకుంటూ కూర్చుంటారు. డీడీఆర్5లో చిప్ లోపలే ఈసీసీ (పొరపాట్లు దిద్దే ఏర్పాటు) ఉందిగా అంటారు కొందరు. అది చిప్ లోపలి పొరపాట్లని దిద్దుకోవడానికే, స్టిక్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగేదాన్ని అది పట్టుకోదు. ఎర్రర్ వస్తే ప్రొఫైల్ తీసేసి మళ్లీ పరీక్షించండి, అప్పుడూ వస్తే స్టిక్ లోపం, మార్పిడికి ఇచ్చేయండి. ప్రొఫైల్‌తోనే వస్తే 5800కి దించి చూడండి, చాలాసార్లు అక్కడ కుదురుకుంటుంది, ఆ తేడా మీ కంటికి కనబడదు. అయినా డబ్బు పెట్టింది 6000కి కాబట్టి, వాపసు గడువు లోపల ఉంటే కిట్ మార్పించుకోవడం మీ హక్కు.

కింద ఇంకో ఇద్దరు అడిగినవాటికి కూడా ఇక్కడే చెప్పేస్తా. డీడీఆర్4 రైజెన్ ఉన్నవాళ్లకి 3600 దగ్గర ఆగిపోవాలి, ఆ పైన అక్కడా ఇదే సగం వేగం సమస్య. 3200 సీఎల్16 ఉన్నవాళ్లు 3600 సీఎల్18 కోసం మార్చడం దండగ, రెండూ 10 నానోసెకన్లే. లాప్‌టాప్‌లో ర్యామ్ పెంచాలనుకునేవాళ్లు స్పీడ్ గొడవ వదిలేయండి, చాలా లాప్‌టాప్‌లు బయోస్‌లో ప్రొఫైల్ మార్చనివ్వవు, ఖరీదైన స్టిక్ పెట్టినా 4800 లేదా 5600 మామూలు టైమింగ్స్‌కే నడుస్తుంది, చవకైన నమ్మకమైన స్టిక్‌లు రెండు వేసుకోండి. కొనేముందు స్లాట్లు ఉన్నాయో లేదో చూసుకోండి, ఎల్‌పీడీడీఆర్5 అని ఉంటే అది సాధారణంగా బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు.

మీ బోర్డు మోడలూ, ఆ సీఎల్36 కిట్ నాలుగు టైమింగ్స్ అంకెలూ పెట్టండి. 36-36-36 రకమా 36-48-48 రకమా తెలిస్తే ఏది కొనాలో ఒక్క మాటలో చెప్పేస్తాను.